ఊహా రాష్ట్రానికి న్యాయశాఖ కడితే: నల్లగొండలోని ఒక వారాంతపు శిక్షణపై సమీక్ష

నల్లగొండ క్లాక్ టవర్ సెంటరుకు నడిచిపోయేంత దూరంలో ఉన్న ఒక ప్రైవేటు శిక్షణ కేంద్రం, జూనియర్ సివిల్ జడ్జి, అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, గ్రూప్-1 పరీక్షలకు చదువుతున్న వారి కోసం శని, ఆదివారాల్లో ఒక ప్రత్యేక తరగతి నడుపుతున్నది. ఇందులో పాఠం చెప్పి నోట్సు రాయించే పద్ధతి లేదు. "నమూనా రాష్ట్రం" అనే ఒక ఊహా రాష్ట్రాన్ని ముందు పెట్టి, దానికి ఒక న్యాయశాఖను నిర్మించి, ఆ శాఖలో అభ్యర్థులను డిప్యూటీ సెక్రటరీలుగా, సెక్షన్ ఆఫీసర్లుగా, ప్రభుత్వ ప్లీడర్లుగా కూర్చోబెట్టి ఫైళ్లు రాయిస్తారు. సచివాలయంలో చాలాకాలం ఫైళ్ల మధ్య పనిచేసి రిటైరైనవాణ్ని కనుక, మా తమ్ముడి కూతురు ఇందులో చేరుతానన్నప్పుడు నేను కూడా అనుమతి తీసుకుని వెనుక వరుసలో కూర్చుని విన్నాను. మెచ్చుకోదగినవి, దిద్దుకోవలసినవి రెండూ కనబడ్డాయి. దిద్దుకోవలసినవి చిన్నవి కానందువల్ల సంస్థ పేరు రాయడం లేదు. నల్లగొండలో ఈ తరగతి గురించి అడిగితే ఎవరైనా చెప్పగలరు.

రుసుము రెండు వేల రూపాయల లోపే. ఆ రుసుములోనే స్పైరల్ బైండింగ్ చేసిన ఒక చేతిపుస్తకం, సాధన ఫైళ్ల కట్ట, మధ్యాహ్నం టీ ఇస్తారు. దేవరకొండ, మిర్యాలగూడ, నకిరేకల్, సూర్యాపేట నుంచి వచ్చేవారే ఎక్కువ. ఇద్దరు ముగ్గురు నాగర్‌కర్నూలు వైపు నుంచి కూడా వచ్చారు.

ముందు చేతిపుస్తకం సంగతి. దాని మొదటి పేజీలోనే ఒక మంచి షరతు ఉన్నది: నమూనా రాష్ట్రం ఊహే అయినా అది భారతదేశంలోని రాష్ట్రమే, రాజ్యాంగమూ కేంద్ర చట్టాలూ దానికి యథాతథంగా వర్తిస్తాయి, ఊరి పేర్లు, మనుషులు, సంఘటనలు మాత్రమే కల్పితం. ఇది తెలివైన ఏర్పాటు. ఎల్లలు లేని ఊహ ఇస్తే విద్యార్థి తనకు నచ్చిన ప్రభుత్వాన్ని కట్టుకుంటాడు. పరీక్షకు గాని, ఉద్యోగానికి గాని అది పనికిరాదు. అయితే ఈ షరతును రాసినవారే రెండు పేజీలు తిరగేసేసరికి దాన్ని మరిచిపోవడం ఈ పుస్తకంలోని ప్రధాన లోపం.

రెండో అధ్యాయంలో శాఖ నిర్మాణ పటం ఉన్నది. పైన న్యాయశాఖ మంత్రి, ఆయన కింద కార్యదర్శి, కార్యదర్శి కింద ఏడు గడులు: అడ్వొకేట్ జనరల్, న్యాయ సలహా విభాగం, శాసన ముసాయిదా విభాగం, ప్రాసిక్యూషన్ల డైరెక్టరేట్ (ప్రభుత్వం తరఫున నేర కేసులు కోర్టులో నడిపే ప్రాసిక్యూటర్ల మీది కార్యాలయం), జైళ్లు, న్యాయ సేవలు, చివరగా "న్యాయాధికారుల నియామకాలు, బదిలీలు". అన్ని గడులనూ ఒకే తీరు గీతలతో కార్యదర్శి గడికి కలిపారు. చూడటానికి పటం ఎంతో ముచ్చటగా ఉన్నది. కానీ ఆ ఏడు గీతల్లో నిజంగా గీయదగినవి రెండే, సలహా విభాగానిదీ ముసాయిదా విభాగానిదీ. జైళ్ల గీత గీస్తే గీయవచ్చు, మానితే మానవచ్చు. మిగిలిన నాలుగూ రాజ్యాంగం ముందో, పార్లమెంటు చేసిన చట్టం ముందో నిలవవు.

అడ్వొకేట్ జనరల్‌ను తీసుకుందాం. 165వ అధికరణం ప్రకారం ఆయనను నియమించేది గవర్నరు. హైకోర్టు న్యాయమూర్తిగా నియమితులు కావడానికి ఉండవలసిన అర్హతలు ఆయనకు ఉండాలి. 177వ అధికరణం ప్రకారం శాసనసభలో మాట్లాడే హక్కు ఉంటుంది, ఓటు ఉండదు. ఆయన ప్రభుత్వానికి సలహా ఇచ్చే రాజ్యాంగ పదవిలో ఉన్నవాడే తప్ప కార్యదర్శికి కింది అధికారి కాడు. ఆచరణలో ఆయన కార్యాలయానికి కావలసిన సిబ్బంది, జీతాలు, బిల్లులు న్యాయశాఖ ద్వారానే నడుస్తాయి కాబట్టి పటం గీసినవారు ఆ రెండింటినీ కలిపేశారనుకుంటాను. బిల్లు ఎవరు పాస్ చేస్తారన్నది వేరు, ఎవరు ఎవరికి జవాబుదారీ అన్నది వేరు. సచివాలయంలో చేరిన కొత్తవారికి ఈ తేడా పట్టుబడటానికే కొంతకాలం పడుతుంది, అందువల్ల శిక్షణ ఇచ్చే పుస్తకం దీన్ని కలగాపులగం చేయకూడదు.

ఏడో గడి మరీ ప్రమాదకరం. జిల్లా జడ్జీల నియామకం 233వ అధికరణం కింద గవర్నరు హైకోర్టును సంప్రదించి చేసేది. అంతకంటే కింది స్థాయి న్యాయాధికారుల నియామకం 234వ అధికరణం ప్రకారం పబ్లిక్ సర్వీస్ కమిషన్‌తోనూ హైకోర్టుతోనూ సంప్రదించి చేసిన నియమాల మేరకు జరగాలి. నియమితులయ్యాక వారి పోస్టింగులు, పదోన్నతులు, సెలవులతో సహా అదుపు అంతా 235వ అధికరణం కింద హైకోర్టుదే. న్యాయవ్యవస్థను కార్యనిర్వాహక వ్యవస్థ నుంచి వేరుచేయాలని 50వ అధికరణం చెప్పడం అందరికీ కంఠస్థమే. హైదరాబాద్ సంస్థానంలోనైతే ఆ వేర్పాటు 1921లోనే నిజాం ఫర్మానాతో జరిగింది. ఆ గడ్డ మీద నడిచే తరగతిలో జడ్జీల బదిలీ ఫైలు మంత్రి బల్ల మీదికి వెళ్లినట్టు పటం గీస్తే, జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు వెళ్లే అమ్మాయి దాన్నే మనసులో పెట్టుకుని వెళ్తుంది.

న్యాయ సేవల గడిదీ అదే తీరు. 1987 నాటి న్యాయ సేవల అథారిటీల చట్టం కింద రాష్ట్ర అథారిటీకి ప్యాట్రన్-ఇన్-చీఫ్, అంటే ప్రధాన పోషకుడు, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. జిల్లా అథారిటీకి అధ్యక్షుడు జిల్లా జడ్జి. మహిళలు, పిల్లలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు, దివ్యాంగులు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులని ఆ చట్టంలోని 12వ సెక్షన్ చెబుతుంది. ఇంత వివరంగా చేతిపుస్తకంలో రాశారు, బాగా రాశారు కూడా. అన్నీ సరిగా రాసి, పటంలో మాత్రం దాన్ని మంత్రిగారి కిందికి తోశారు. న్యాయశాఖ ఈ అథారిటీకి నిధులు ఇస్తుంది, పోస్టులు మంజూరు చేస్తుంది, అంతవరకే. ప్రభుత్వం మీదనే దావా వేయడానికి ఒక పేదవాడికి వకీలును ఇచ్చే సంస్థ ఆ ప్రభుత్వపు కార్యదర్శి చేతి కింద ఉంటే ఏమవుతుందో ఊహించుకోవడానికి పెద్ద పరిజ్ఞానం అక్కరలేదు.

ప్రాసిక్యూషన్ దగ్గర వ్యవహారం ఇంకొంచెం లోతైనది, ఇక్కడ పుస్తకాన్ని పూర్తిగా తప్పుపట్టలేను. పోలీసు వేరు, ప్రాసిక్యూటరు వేరు అనేది చాలాకాలంగా కోర్టులు చెబుతున్న మాట. పోలీసు శాఖ అదుపులో అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లు ఉండరాదని సుప్రీంకోర్టు 1995లో షహానే కేసులో స్పష్టంగానే చెప్పింది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 25ఎ సెక్షన్ చేర్చి డైరెక్టరేట్‌కు చట్టంలో చోటిచ్చారు. ఆ కోడ్ స్థానంలో 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 20వ సెక్షన్ దాన్ని జిల్లాదాకా విస్తరించింది: పదేళ్లు, ఆపై శిక్ష పడే కేసుల పర్యవేక్షణ డైరెక్టరుది, ఏడు నుంచి పదేళ్ల లోపువి డిప్యూటీ డైరెక్టరువి, ఏడేళ్ల లోపువి అసిస్టెంటు డైరెక్టరువి. డైరెక్టరు కావాలంటే పదిహేనేళ్లు అడ్వొకేటుగా పనిచేసి ఉండాలి, లేదా సెషన్స్ జడ్జి అయి ఉండాలి. ఇంతవరకు పుస్తకంలో ఉన్నది. లేనిదల్లా అదే సెక్షన్‌లోని ఇంకో వాక్యం: డైరెక్టరు రాష్ట్ర హోంశాఖ పరిపాలనా అదుపులో పనిచేయాలి. అంటే పోలీసుల ఫైళ్లు ఏ శాఖకు వెళ్తాయో ఆ శాఖకే ఇతని ఫైళ్లూ వెళ్తాయి.

ఇది సరైన ఏర్పాటా అన్నది వాదించదగిన ప్రశ్న. ప్రాసిక్యూషన్ న్యాయశాఖలో ఉండడమే మేలని నా అభిప్రాయం కూడా. కానీ నమూనా రాష్ట్రానికి కేంద్ర చట్టం యథాతథంగా వర్తిస్తుందని మొదటి పేజీలో రాసుకున్న తర్వాత, న్యాయశాఖ కింద డైరెక్టరేట్ పెట్టాలంటే ఆ రాష్ట్ర శాసనసభ సవరణ చేసి, అది ఉమ్మడి జాబితాలోని విషయం, అంటే కేంద్రమూ రాష్ట్రమూ రెండూ చట్టం చేయగల విషయం, కాబట్టి 254వ అధికరణం కింద రాష్ట్రపతి సమ్మతి తెచ్చుకోవాలి. పుస్తకంలో ఆ సవరణను కూడా కల్పించి ఒక అనుబంధంగా ఇచ్చి ఉంటే ఎంత చక్కటి పాఠమయ్యేది! ఆ అవకాశాన్ని వదులుకున్నారు. జైళ్ల విషయంలో మాత్రం వారికి స్వేచ్ఛ ఉన్నది. జైళ్లు రాష్ట్ర జాబితాలో నాలుగో అంశం, ఏ మంత్రికి ఏ పని అన్నది 166వ అధికరణం కింద గవర్నరు చేసే కార్యనిర్వహణ నియమాలతో తేలిపోతుంది. మన దగ్గర జైళ్లు హోంశాఖలో ఉన్నాయి. నమూనా రాష్ట్రంలో న్యాయశాఖలో ఉంటే తప్పేమీ లేదు.

ఇక సాధన ఫైళ్ల కట్ట గురించి. చేతిపుస్తకం ఒకరు, ఫైళ్లు మరొకరు తయారుచేశారని అక్కడ విన్నాను, చూస్తే అట్లాగే అనిపించింది కూడా. పటంలో జరిగిన తప్పులన్నీ ఫైళ్లలో దిద్దబడ్డాయి. ఒక్కొక్క ఫైలులో అధికారులు అభిప్రాయాలు రాసే నోట్ ఫైలు ఎడమవైపు, వచ్చిన పోయిన ఉత్తరాలుండే కరెంట్ ఫైలు కుడివైపు, కింద నుంచి వచ్చిన జిల్లా కలెక్టరు లేఖ, ఎస్పీ నివేదిక, మంత్రి పేషీ నుంచి వచ్చిన "వెంటనే పరిశీలించి పంపండి" అనే చీటీతో సహా అన్నీ అసలు ఫైలు లాగానే ఉన్నాయి. పేజీ నంబర్లు, ఫ్లాగులు కూడా వేశారు. అభ్యర్థి నోట్ రాసి, దాని కింద జారీ చేయవలసిన ఉత్తర్వు ముసాయిదా పెట్టాలి.

మొదటి ఫైలు కేసుల ఉపసంహరణకు సంబంధించింది. నమూనా రాష్ట్రంలో ఒక ప్రాజెక్టు కింద భూములు పోయినవారు ధర్నా చేశారు, రోడ్డు మీద బైఠాయించారు, దగ్గరి స్టేషనులో రైలు ఆపారు. తొక్కిసలాటలో ఒక దుకాణం అద్దాలు పగిలాయి, దుకాణదారుడికి గాయమైంది. నిందితుల్లో నాలుగో పేరు స్థానిక శాసనసభ్యుడిది. ఎన్నికల్లో ఇచ్చిన మాట ప్రకారం ఈ కేసులన్నీ ఎత్తివేయాలని మంత్రివర్గం నిర్ణయించింది. ఉత్తర్వు తయారు చేయమన్నారు. ఉద్యమకాలపు కేసుల కోసం వాయిదాలకు తిరిగినవాళ్లు ఊరికి ఒకరైనా ఉండే ప్రాంతం మనది, కాబట్టి ఈ ఫైలు చదువుతున్నప్పుడు గదిలో అందరి ముఖాల్లో ఆసక్తి కనిపించింది. పది మందిలో తొమ్మిది మంది "కేసులు ఇందుమూలముగా ఉపసంహరించడమైనది" అని రాసి కింద సంతకం గడి గీశారు.

ఫైళ్ల తరగతి చెప్పే ఆయన, ఒకప్పుడు జిల్లా కోర్టులో ప్రభుత్వ ప్లీడరుగా చేసినవారు, ఆ కాగితాలన్నీ చూసి ఎవరినీ ఏమీ అనలేదు. ముందు వరుసలోని ఒక కుర్రవాడే లేచి అడిగాడు: "సార్, కేసు పెట్టింది సర్కారే గదా, సర్కారే వాపసు తీసుకుంటే ఏమైతది?"

"పెట్టింది సర్కారే బిడ్డా," అన్నారాయన. "కానీ ఇప్పుడది కోర్టు ముందర ఉన్నది. దాన్ని వాపసు అడిగే హక్కు పీపీది, పబ్లిక్ ప్రాసిక్యూటరుది. ఇచ్చేది జడ్జి. మంత్రిగారిది మాట మాత్రమే."

ఆ తర్వాత గంటసేపు ఆ ఒక్క ఫైలునే విప్పి చూపించారు. సంహితలోని 360వ సెక్షన్ ప్రకారం తీర్పు వెలువడేలోపు ఎప్పుడైనా పబ్లిక్ ప్రాసిక్యూటరు, కోర్టు సమ్మతితో, ఉపసంహరించుకోవచ్చు. ప్రభుత్వం తన విధానాన్ని ఆయనకు తెలియజేయవచ్చు, ఆ మేరకు జీవో ఇవ్వవచ్చు, కానీ ఆయన కాగితాలు చూసి స్వయంగా నిర్ణయానికి రావాలి, పోస్టుమ్యాన్ లాగా జీవోను కోర్టుకు అందించి రాకూడదు. అభియోగాలు నమోదు కాకముందు సమ్మతి లభిస్తే నిందితుడు డిశ్చార్జి, అంటే విచారణ లేకుండానే కేసు నుంచి తొలగింపు, నమోదయ్యాక లభిస్తే నిర్దోషిగా విడుదల. ఇది పాత చట్టంలోని 321వ సెక్షనే. అయితే కొత్త సంహితలో ఒక షరతు చేరింది: బాధితుడికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా కోర్టు సమ్మతి ఇవ్వరాదు. అద్దాలు పగిలిన దుకాణదారుడి పేరు ఫైలులో ఎందుకున్నదో అప్పుడు అర్థమైంది అందరికీ.

అంతటితో అయిపోలేదు. రైలు ఆపడం 1989 నాటి రైల్వే చట్టంలోని 174వ సెక్షన్ కింద నేరం. అది కేంద్రం కార్యనిర్వాహక అధికారం విస్తరించే విషయానికి చెందిన చట్టం, కాబట్టి రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ప్రాసిక్యూటరు కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఆ కేసు ఉపసంహరణకు దరఖాస్తే పెట్టలేడు. శాసనసభ్యుడి సంగతి వేరే: 2021 ఆగస్టు 10న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ప్రకారం ఎంపీల మీద, ఎమ్మెల్యేల మీద ఉన్న కేసులను హైకోర్టు అనుమతి లేకుండా ఉపసంహరించరాదు. అంటే మంత్రివర్గం ఒక్క వాక్యంలో తీసుకున్న నిర్ణయం అమలు కావాలంటే పీపీ వివేకం, విచారణ కోర్టు సమ్మతి, బాధితుడి మాట, ఢిల్లీ అనుమతి, హైకోర్టు అనుమతి, ఇన్ని గడపలు దాటాలి. ఇందులో ఏ ఒక్కదాన్నీ న్యాయశాఖ తన సొంత సంతకంతో దాటలేదు. డిప్యూటీ సెక్రటరీ చేయగలిగినదల్లా ఈ గడపలన్నీ నోట్‌లో వరుసగా రాసి, ఏ కేసు ఏ దారిన పోవాలో విడదీసి, పీపీకి వెళ్లే లేఖలో "ఉపసంహరించండి" అనకుండా "చట్టప్రకారం పరిశీలించండి" అని రాయడం. చిన్న పనిలా కనబడుతుంది. ఆ లేఖ మాట తేడాగా పడితే మొత్తం ఉపసంహరణ హైకోర్టులో వీగిపోతుంది.

ఒక శాఖకు ఏయే అధికారాలు ఉన్నాయో చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. ఆ అధికారం ఏ కాగితం దగ్గర ఆగుతుందో ఇంత ఓపికగా చూపిన తరగతి నేను మన జిల్లాల్లో చూడలేదు. రుసుము ఈ ఒక్క ఫైలుకే గిట్టుబాటు అవుతుందని నిస్సంకోచంగా చెప్పగలను.

రెండో ఫైలు యావజ్జీవ ఖైదీ విడుదల. హత్య కేసులో శిక్షపడి పన్నెండేళ్లు జైల్లో ఉన్న వ్యక్తి. జైలు సూపరింటెండెంటు మంచి నడవడిక అని రాశారు. ఎమ్మెల్యే సిఫారసు లేఖ జతపరచి ఉన్నది. ఇందులో మెలిక చాలామందికి త్వరగానే దొరికింది. మరణశిక్ష కూడా విధించదగిన నేరంలో యావజ్జీవం పడినవారు పద్నాలుగేళ్లు నిజంగా జైల్లో గడపకుండా సంహిత కింద విడుదల కారు. అది 475వ సెక్షన్, పాతది 433ఎ. గవర్నరుకు 161వ అధికరణం కింద ఉన్న క్షమాధికారం ఈ సెక్షన్‌కు కట్టుబడదు, కాబట్టి ఫైలు ఆ దారిన పెట్టవచ్చా అన్నది రెండో ప్రశ్న. పెట్టవచ్చు, కానీ ఎమ్మెల్యే లేఖను కారణంగా చూపితే ప్రమాదం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక ఖైదీకి ఇచ్చిన శిక్ష తగ్గింపును, రాజకీయ అనుబంధం వంటి అసంబద్ధ అంశాలను లెక్కలోకి తీసుకున్నారన్న కారణంతో సుప్రీంకోర్టు 2006లో ఏపూరు సుధాకర్ కేసులో కొట్టివేసింది. గవర్నరు తన సొంత ఇష్టంతో కాక మంత్రివర్గం సలహా మేరకే ఈ అధికారాన్ని వాడాలని 2022 మే నెలలో పేరరివాళన్ కేసులో మళ్లీ స్పష్టమైంది. అంటే క్షమాభిక్ష పత్రం మీద గవర్నరు పేరున్నా, దాని బరువంతా కింద నోట్ రాసినవారి మీదా, దాన్ని ఆమోదించిన మంత్రివర్గం మీదా పడుతుంది. ఈ తీర్పుల పేర్లు చేతిపుస్తకంలో లేవు, ఫైళ్ల తరగతి చెప్పే ఆయన నోటితోనే చెప్పారు. రాసుకున్నవారికి దక్కాయి.

మిగిలిన ఫైళ్లు అంత చిక్కగా లేవు. ప్రభుత్వ ప్లీడర్ల నియామకం ఫైలు ఫరవాలేదు: జిల్లా పబ్లిక్ ప్రాసిక్యూటరు పేరు జిల్లా మేజిస్ట్రేటు సెషన్స్ జడ్జిని సంప్రదించి తయారుచేసిన ప్యానెల్‌లో ఉండాలి, ఏడేళ్ల ప్రాక్టీసు ఉండాలి అనే రెండు ముక్కలు తెలిస్తే అయిపోతుంది. నోటరీల ఫైలు కేవలం పేజీలు నింపడానికి పెట్టినట్టున్నది. ప్రభుత్వోద్యోగి మీద కోర్టులో కేసు నడపడానికి ముందస్తు అనుమతి కోరే ఫైలులో మాత్రం గట్టి పొరపాటు దొర్లింది. అందులో ఇంకా పాత 197వ సెక్షనే రాసి, కాలపరిమితి ఏదీ లేదన్నట్టు ప్రశ్న అడిగారు. కొత్త సంహితలో అది 218వ సెక్షన్. అభ్యర్థన అందిన 120 రోజుల్లోగా ప్రభుత్వం నిర్ణయం తీసుకోకపోతే అనుమతి ఇచ్చినట్టే భావిస్తారు. ఫైలును అల్మారాలో పెట్టి మౌనంగా ఉండటమే కొన్నిచోట్ల ఒక నిర్ణయంగా చలామణి అయిన పాత రోజులకు ఈ ఒక్క సంఖ్య తెరదించింది. శాఖ అధికారాల్లో ఇంత పెద్ద మార్పు వచ్చి కొంతకాలమైనా సాధన ఫైలులో దిద్దకపోవడం క్షమించదగింది కాదు. విచారణ ఖైదీల విడుదలకు సంబంధించిన పేజీలో మాత్రం కొత్త 479వ సెక్షన్‌ను, గతంలో ఏ నేరంలోనూ దోషిగా తేలనివారికి గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం పూర్తయితే విడుదలకు వీలుండటాన్ని, ఆ దరఖాస్తు కోర్టుకు పెట్టవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదని సరిగానే రాశారు. ఒకే కట్టలో ఒక కాగితం కొత్త చట్టంతో, ఇంకో కాగితం పాత చట్టంతో ఉంటే విద్యార్థి దేన్ని నమ్మాలి?

చేతిపుస్తకం పూర్తిగా చిన్నచూపు చూసిన విషయం డబ్బు. నిధులు, పోస్టులు అనే అధ్యాయం ఒక్క పేజీతో ముగిసిపోయింది. నాకు తెలిసినంతలో న్యాయశాఖ చేతిలో ఉన్న అసలైన పట్టు అదే. జడ్జిని నియమించే విషయంలో, అదుపులో ఉంచే విషయంలో హైకోర్టుది పైచేయి కావచ్చు, కానీ కొత్త కోర్టు పెట్టాలన్నా, దానికి స్టెనో, అటెండరు పోస్టులు కావాలన్నా, భవనానికి స్థలం కావాలన్నా ప్రభుత్వం మంజూరు చేయాలి. కోర్టుల నిర్మాణం, వ్యవస్థీకరణ అనే అంశం మొదట రాష్ట్ర జాబితాలో ఉండేది. 1976 నాటి 42వ సవరణతో అది ఉమ్మడి జాబితాలోకి 11ఎ అంశంగా వెళ్లింది. ఇంత జరిగినా ఖర్చులో పెద్ద భాగం రాష్ట్రానిదే. కోర్టు భవనాలకు 1993-94 నుంచి నడుస్తున్న కేంద్ర ప్రాయోజిత పథకం కింద కూడా రాష్ట్రాలు తమ వాటా పెట్టుకోవాలి. పది లక్షల జనాభాకు యాభై మంది జడ్జీలు ఉండాలని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట ఆచరణలోకి రావాలంటే ఏ శాఖ ఫైలు కదలాలో ఈ పుస్తకం చదివినవారికి తెలియదు.

ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగి నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి, మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి, 2019లో నారాయణపేట కూడా జిల్లా అయింది. కలెక్టరేట్లు వెంటనే వచ్చాయి. న్యాయ జిల్లాలు మాత్రం 2022 జూన్ 2 దాకా పాతవే. ఆ రోజున మొత్తం 33 న్యాయ జిల్లాలు ఏర్పడ్డాయి. మధ్యలో గడిచిన ఆ ఐదున్నరేళ్లకు పైగా కాలంలో హైకోర్టుకూ ప్రభుత్వానికీ మధ్య నడవవలసిన ఫైళ్లు ఏమిటి, పోస్టుల మంజూరు, ఆర్థికశాఖ సమ్మతి, భవనాల కేటాయింపు, కేసుల బదిలీ నోటిఫికేషను ఏ క్రమంలో రావాలి అనేది నమూనా రాష్ట్రానికి తెచ్చి ఒక ఫైలుగా ఇస్తే, తరగతిలో కూర్చున్న సగం మందికి అది సొంత ఊరి కథే. వనపర్తి అభ్యర్థికి జిల్లా కోర్టు కోసం మహబూబ్‌నగర్ దాకా పోవడమంటే ఏమిటో పుస్తకం చెప్పనక్కరలేదు. ఇంత దగ్గరి సరుకును నిర్వాహకులు ఎందుకు వాడుకోలేదో నాకు అర్థం కాలేదు.

నిర్వహణ సంగతులు కొన్ని. తరగతి పై అంతస్తులో, గది ఇరుకు, మైకు ఉన్నా లేనట్టే. వెనక వరుసల వారికి ఫైళ్ల తరగతి చెప్పే పెద్దాయన మెల్లటి గొంతు సరిగా వినపడదు. ఆయన చెప్పేదే ఈ కోర్సులో విలువైన భాగం కాబట్టి ముందు వరుసలో చోటు పట్టుకోవడం మంచిది. రాసిన నోట్లు దిద్ది ఇస్తామన్నారు, దిద్ది ఇచ్చారు, కానీ తరగతులు ముగిసిన చాలా రోజులకు, అదీ ఫోన్లు చేయించుకుని. దిద్దిన తీరు మాత్రం శ్రద్ధగా ఉన్నది, మా అమ్మాయి నోట్ అంచులో "ఈ వాక్యం మంత్రిగారు చదివితే ఏమని అర్థం చేసుకుంటారు?" అని రాసి ఉన్న ప్రశ్న నాకు బాగా నచ్చింది. సాయంత్రం ఆఖరి తరగతి ఆలస్యంగా వదులుతారు, దేవరకొండ వైపు వెళ్లేవారు బస్సు వేళ ముందే చూసుకోవాలి. ఆడపిల్లల విషయంలో నిర్వాహకులు జాగ్రత్తగానే ఉన్నారు, బస్టాండు దాకా తోడు పంపారు.

గ్రూప్-1 వారికి ఇది కొంత ఎక్కువ, లా విద్యార్థులకు కొంత తక్కువ. అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పరీక్షకు చదివేవారికి మాత్రం సరిగ్గా సరిపోతుంది. వారు రేపు చేయబోయే పనిలోని ఇబ్బంది మొదటి ఫైలులోనే ఉన్నది కనుక. జ్యుడీషియల్ సర్వీసు అభ్యర్థులు చేరవచ్చు గాని చేతిపుస్తకంలోని రెండో అధ్యాయాన్ని పక్కన పెట్టి 233 నుంచి 235 దాకా అధికరణాలను రాజ్యాంగ మూలంలో చదువుకుని రావాలి. నిర్వాహకులకు ఈ లోపాలన్నీ రాతపూర్వకంగా ఇచ్చాను. నియామకాల గడి తీసేస్తామని, పాత సెక్షన్లు మారుస్తామని ఒప్పుకున్నారు, అడ్వొకేట్ జనరల్ గడి దగ్గర మాత్రం ఇంకా వాదిస్తున్నారు. కొత్త ముద్రణ వచ్చేదాకా చేరేవారు నాగరిక సురక్షా సంహిత బేర్ యాక్టు, అంటే వ్యాఖ్యానం లేని చట్టపాఠం, ఒకటి వెంట తీసుకుపోవాలి, చేతిపుస్తకంలో సెక్షన్ల సంఖ్యలే గాని వాటి పాఠం ఎక్కడా ముద్రించలేదు.